పెదవి పొక్కులూ నేలవేమూ

నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో పెదవి అంచున నీటి పొక్కులు గుంపుగా లేస్తే పెద్దవాళ్లు "జ్వరం పేలింది" అంటారు. జ్వరం ఛాయలు లేకుండానే లేస్తే "వేడి చేసింది" అంటారు. మజ్జిగ బాగా తాగమని చెప్పి, పొక్కు మీద వెన్నో నెయ్యో రాస్తారు. దక్షిణ చైనాలోని సంప్రదాయ వైద్యులు కూడా ఇదే పొక్కును చూసి ఇంచుమించు ఇదే నిర్ణయానికి వస్తారు. ఒంట్లో వేడి పెరిగింది, దానికి విషం తోడైంది, రెండింటినీ చల్లార్చి బయటికి పంపాలి అన్నది వాళ్ల సూత్రం. అందుకు వాళ్లు వాడే చేదు మూలికల్లో చువాన్ షిన్ లియెన్ ఒకటి. పేరు వింటే ఎక్కడిదో అనిపిస్తుంది గానీ, వానలు వెనకపట్టాక నల్లమల అంచున పొదల నీడలో మోకాలెత్తున నిలబడి కనిపించే మొక్కే అది. మనం దాన్ని నేలవేము అంటాం.

ఈ రెండు దేశాల సంప్రదాయాలు ఒకే మొక్కను చేతిలోకి తీసుకున్నాయంటే అందులో ఏదో ఉండే ఉంటుందని అనుకోవడం సహజం. నాకూ ఆ మొక్క మీద గౌరవం ఉంది. అయితే జ్వరానికి మంచిదన్న పేరు ఏ మూలికనూ ప్రతి పుండుకూ మందుగా మార్చదు. నేలవేములోని పదార్థాలు ప్రయోగశాలలో ఈ పొక్కులకు కారణమైన వైరస్‌ను అణచిన మాట నిజం. మనిషి పెదవి మీద అణుస్తాయనడానికి మాత్రం నమ్మదగిన రుజువు లేదు. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో, దాన్ని ఎలా దాటాలో వివరంగా చూడడం అవసరం. ఎందుకంటే ఆ దూరాన్ని దాటించే వనరులు నంద్యాల జిల్లాలోనే చాలావరకు ఉన్నాయి.

ముందు జబ్బు సంగతి. ఈ పొక్కులకు మూలం హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్, అందులో మొదటి రకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నాటి అంచనా ప్రకారం 50 ఏళ్ల లోపు వాళ్లలో సుమారు 370 కోట్ల మంది ఒంట్లో ఈ వైరస్ ఉంది. ముగ్గురిలో ఇద్దరన్నమాట. చాలామందికి ఇది పసితనంలోనే ముద్దుల ద్వారానో, ఎంగిలి ద్వారానో అంటుకుంటుంది. అప్పుడు ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. వైరస్ మాత్రం పెదవి చర్మంలోని నరాల కొసల గుండా లోపలికి పాకి, పుర్రె అడుగున ఉండే ట్రైజెమినల్ అనే నాడీముడికి చేరుతుంది. అక్కడి నరకణాల కేంద్రకంలో తన డీఎన్ఏను ఉంచి, చడీచప్పుడు లేకుండా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. నల్లరేగడి చేలో తుంగను ఎన్నిసార్లు కోసినా లోపలి గడ్డ పదును చూసి మళ్లీ మొలిచినట్టే, ఈ వైరస్ కూడా అదను దొరికినప్పుడు మేలుకుంటుంది. జ్వరం, ఎండ, నెలసరి, నిద్రలేమి, తీవ్రమైన మనోవేదన, రోగనిరోధక శక్తి తగ్గడం దానికి అదను. మేలుకున్నాక వచ్చిన నరం వెంటే కిందికి దిగి, తరచుగా పాత చోటే పైకి తేలుతుంది.

మొదటి కొన్ని గంటలు పెదవి అంచున చురుకు, దురద, తిమ్మిరి ఉంటాయి. ఈ గంటలే చాలా విలువైనవి. వైరస్ అప్పుడే లెక్కకు మిక్కిలిగా పెరుగుతుంటుంది. మరుసటి రోజుకు ఎర్రటి మచ్చ మీద సజ్జగింజంత పొక్కులు నాలుగైదు గుంపుగా లేస్తాయి. అవి చితికి రసి కారుతుంది. ఆ తర్వాత పసుపు రంగు చెక్కు కడుతుంది. వారం పది రోజుల్లో చెక్కు ఊడిపోయి, సాధారణంగా మచ్చ కూడా లేకుండా చర్మం మామూలుగా అయిపోతుంది. మందు రాసినా ఇంతే, రాయకపోయినా ఇంతే. ఈ విషయం గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మూలికల మీద మన నమ్మకాల్లో సగం ఇక్కడే పుడతాయి.

దీన్ని వేరే జబ్బులతో కలపకూడదు. నోటి లోపల, నాలుక మీద, బుగ్గల వెనక తెల్లగా గుంటలు పడే నోటిపూత సాధారణంగా ఈ వైరస్ వల్ల వచ్చేది కాదు. నడుముకో ఛాతీకో ఒక పక్క పట్టీలా పొక్కులు లేచి మంటపెట్టే సర్పి ఇదే కుటుంబానికి చెందిన మరో వైరస్ పని. చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిపెట్టేది అదే. నిద్రలో పురుగు పారిందని అనుకునే పెదవి పొక్కుల్లో చాలావరకు నిజానికి హెర్పిసే.

ఇక వేడి మాట. దాన్ని కొట్టిపారేయడం తొందరపాటు అవుతుంది. అమెరికాలో పరిశోధకులు తరచూ పెదవి పొక్కులు వచ్చేవాళ్లను ఎంచుకుని, వాళ్ల పెదవులకు కొలిచిన మోతాదులో అతినీలలోహిత కిరణాలు తగిలించారు. 1991లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, ఉత్తుత్తి పూత రాసుకున్న 38 మందిలో 27 మందికి పొక్కులు లేచాయి. ఎండను అడ్డుకునే సన్‌స్క్రీన్ రాసుకున్న 35 మందిలో ఒక్కరికీ లేవలేదు. అంటే ఎండకు తిరిగి వచ్చాక మూతి పేలిందన్న మన అమ్మమ్మల పరిశీలన సరైనదే. జ్వరంతో పేలుతుందన్నదీ సరైనదే. కారణాన్ని వివరించిన తీరు మాత్రం వేరు. మామిడిపళ్లు తిన్నందుకో, కోడికూర తిన్నందుకో పెదవి పేలుతుందనడానికి ఇలాంటి ఆధారం లేదు.

ఈ ప్రయోగ ఫలితం మన ప్రాంతానికి నేరుగా వర్తిస్తుందని నా అభిప్రాయం. నంద్యాల ఎండలు చాలా తీవ్రమైనవి. వేసవిలో 44, 45 డిగ్రీలు ఇక్కడ వింత కాదు. కుందూ నది పక్క పొలాల్లో పనిచేసే కూలీలు, ఆళ్లగడ్డలో ఆరుబయట రాయి చెక్కే శిల్పులు రోజంతా ఆ వెలుగులోనే ఉంటారు. తలకు తువాలు చుట్టుకుంటారు గానీ మూతి బయటే ఉంటుంది. పొక్కులు మాటిమాటికీ వచ్చేవాళ్లు ఆ తువాలును ముక్కు కిందికి లాగి కట్టుకుంటే, కొంగు పెదవులకు అడ్డంగా చుట్టుకుంటే, వీలైతే పెదవులకు సన్‌స్క్రీన్ ఉన్న లేపనం రాసుకుంటే, అది ఏ కషాయం కన్నా ముందు చెప్పవలసిన జాగ్రత్త.

నేలవేము దగ్గరికి వద్దాం. శాస్త్రనామం ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా. అడ్డసరం మొక్క కుటుంబమే దీనిదీ. ఏడాదిలో బతుకు ముగించుకునే గుల్మం. కాండాన్ని వేళ్ల మధ్య తిప్పి చూస్తే గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా తగులుతుంది. ఆకులు ఎదురెదురుగా, బల్లెపు మొనలా సన్నగా, ముదురాకుపచ్చగా ఉంటాయి. వానాకాలం ముగిశాక పూలు వస్తాయి. అవి చాలా చిన్నవి, తెల్లనివి, రెండు పెదవులుగా చీలి ఉంటాయి. పెదవి లోపల వంకాయరంగు చుక్కలు కనిపిస్తాయి. కాయ రెండు సెంటీమీటర్ల పొడవున, రెండు కొసలా సన్నగిలి ఉంటుంది. ఆకు చివర చిటికెడు తుంచి నాలుక మీద పెట్టుకుంటే చేదు వెంటనే తెలుస్తుంది, నీళ్లు తాగినా పోదు. ఎండి గలగలలాడే మొక్కలోనూ ఆ చేదు చెక్కుచెదరదు.

నల్లమలకు ఈ జాతితో ఉన్న బంధం ఇంకా లోతైనది. వృక్షశాస్త్రజ్ఞుడు జె. ఎల్. ఎల్లిస్ ఈ కొండల వృక్షజాలాన్ని దశాబ్దాల పాటు పరిశీలించి రెండు సంపుటాలుగా గ్రంథస్థం చేశారు. భారత వృక్షశాస్త్ర సర్వే సంస్థ వాటిని 1987లోనూ 1990లోనూ ప్రచురించింది. నేలవేముకు దగ్గరి చుట్టమైన ఒక మొక్కకు ఆయన ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా అని ఈ కొండల పేరే పెట్టారు. అహోబిలం, రుద్రవరం, శ్రీశైలం అడవుల్లో తరతరాలుగా బతుకుతున్న చెంచులకు ఇలాంటి మొక్కల్లో ఏది ఎప్పుడు పూస్తుందో, ఏది ఏ నీడన పెరుగుతుందో తెలుసు. జర్మన్‌భాషా దేశమైన ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1943లోనే వాళ్ల జీవితం మీద పెద్ద పుస్తకం వెలువరించారు. నేలవేమును జ్వరాలకు, కామెర్లకు, కడుపులో పురుగులకు వాడడం తెలుగునాట విస్తారంగా ఉన్న అలవాటు. పాముకాటుకు కూడా వాడతారు. ఆ ఒక్కటీ మానుకోవాలి, పాము కరిచినవాళ్లను క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికే తీసుకుపోవాలి.

పక్కనున్న తమిళనాడులో నేలవేము ప్రధానంగా కలిపి కాచే నిలవేంబు కషాయాన్ని డెంగీ ప్రబలిన ఏళ్లలో ప్రభుత్వమే ప్రజలకు పంచింది. చైనాలో ఈ మొక్క అడవి మొక్క కాదు. దక్షిణ ఆసియా నుంచి వచ్చి గ్వాంగ్‌డాంగ్, ఫూజియాన్ వంటి దక్షిణాది రాష్ట్రాల్లో సాగులో స్థిరపడింది. గొంతునొప్పికి, జ్వరానికి, విరేచనాలకు, పుండ్లకు వాడే మూలికగా చైనా అధికారిక ఔషధ గ్రంథంలో చోటు సంపాదించింది. కాబట్టి "చైనా మూలిక" అన్న పేరుతో పొట్లాల్లో, మాత్రల్లో మన ఊరికి తిరిగి వచ్చే ఈ మందు కోసం ఎక్కువ ధర పెట్టనక్కర్లేదు. దాని పుట్టిల్లు ఇదే.

చేదుకు కారణమైన పదార్థాన్ని 1911లో గోర్టర్ అనే శాస్త్రజ్ఞుడు శుద్ధ రూపంలో వేరుచేశాడు. దాని పేరు ఆండ్రోగ్రాఫోలైడ్. 20 కార్బన్, 30 హైడ్రోజన్, 5 ఆక్సిజన్ పరమాణువులతో కూడిన అణువు. ఇది ఎక్కువగా ఆకుల్లోనే ఉంటుంది. దాని సోదర పదార్థాలు కూడా రెండు మూడు ఉన్నాయి. 2005లో మలేసియా పరిశోధకులు ఆండ్రోగ్రాఫోలైడ్‌నూ మరో రెండు సోదర పదార్థాలనూ హెర్పిస్ సింప్లెక్స్ మొదటి రకం వైరస్ మీద పరీక్షించారు. మూడూ పనిచేశాయి. మిల్లీలీటరుకు సుమారు 8 నుంచి 11 మైక్రోగ్రాముల గాఢత దగ్గర వైరస్ శక్తి సగానికి పడిపోయింది. ఆ గాఢతలో మామూలు కణాలకు చెప్పుకోదగ్గ హాని జరగలేదు. వైరస్‌ను చంపే వస్తువులు చాలా ఉంటాయి, సబ్బు కూడా చంపుతుంది. కణాన్ని వదిలి వైరస్‌నే దెబ్బతీయడం మందుకు ఉండవలసిన మొదటి లక్షణం. ఆ లక్షణం నేలవేములో కనిపించింది. ఇది నిజంగా సంతోషించవలసిన ఫలితం.

అయితే ఆ గాఢతను మనిషి ఒంట్లో అందుకోగలమా? 2000లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఆరోగ్యవంతులకు 20 మిల్లీగ్రాముల ఆండ్రోగ్రాఫోలైడ్ ఉన్న మాత్రలు ఇచ్చి రక్తం పరీక్షించారు. ఒకటిన్నర, రెండు గంటల తర్వాత రక్తద్రవంలో అది గరిష్ఠంగా మిల్లీలీటరుకు సుమారు 0.39 మైక్రోగ్రాములకు చేరింది. ప్రయోగశాల గిన్నెలో వైరస్‌ను సగానికి తగ్గించడానికి అవసరమైనదాంట్లో ఇది ఇరవయ్యో వంతు. అంటే నేలవేము కషాయం తాగితే పెదవి మీది వైరస్‌కు సరిపడా మందు అందుతుందన్న ఆశకు లెక్క కుదరదు. మోతాదు ఇరవై రెట్లు పెంచుదామంటే కడుపు ఒప్పుకోదు. ఈ అణువు చల్లని నీటిలో సరిగా కరగదు కూడా. ఇంట్లో కాచే కషాయంలో ఎంత దిగిందో చెప్పడం కష్టం, మొక్క వయసు, కోసిన నెల, ఆరబెట్టిన తీరు మారితే ఆ మొత్తం మారిపోతుంది.

మరి నేరుగా పెదవికి రాస్తే? ఆలోచన సబబుగానే ఉంది. పైపూతలో కావలసిన గాఢతను తేలిగ్గా పెట్టవచ్చు. కానీ గిన్నెలోని కణాల మీద చర్మం పైపొర ఉండదు. పెదవి మీద ఉంటుంది. మందు ఆ పొరను దాటి, వైరస్ పెరుగుతున్న లోపలి వరుస కణాల దాకా చేరాలి. చెక్కు కట్టాక రాస్తే దాదాపు ప్రయోజనం లేదు, అప్పటికి వైరస్ పని ముగించుకుని ఉంటుంది. నాడీముడిలో దాగిన వైరస్‌ను ఏ పూతా తాకలేదు. ఆధునిక మందులు కూడా తాకలేవు. కాబట్టి నేలవేము ఈ జబ్బును "వేళ్లతో సహా తీసేస్తుంది" అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అలాంటి మందు ప్రపంచంలో ఇంకా ఎక్కడా లేదు.

"మా ఇంట్లో రాశాం, తగ్గిపోయింది" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. దానంతటదే వారంలో తగ్గే జబ్బుకు ఏది రాసినా తగ్గినట్టే కనిపిస్తుంది. అందుకే పోల్చి చూసే పరీక్ష తప్పదు. అలాంటి పరీక్ష ఎలా ఉండాలో తేనె విషయంలో న్యూజీలాండ్ చూపించింది. అక్కడి కానుకా చెట్ల తేనెతో చేసిన క్రీమును, వైద్యులు రాసే ఎసైక్లోవిర్ క్రీమును 952 మంది పెద్దవాళ్ల మీద పోల్చి, ఫలితాలను 2019లో ప్రచురించారు. మందుల దుకాణాల ద్వారానే రోగులను చేర్చుకున్నారు. చర్మం మామూలుగా అవడానికి ఎసైక్లోవిర్ రాసుకున్నవాళ్లలో మధ్యస్థంగా 8 రోజులు, తేనె రాసుకున్నవాళ్లలో 9 రోజులు పట్టింది. గణాంకాల ప్రకారం రెండింటికీ తేడా లేదు. తేనె క్రీము తయారుచేసినవాళ్లకు ఇది విజయంలా కనిపించవచ్చు. నాకు మాత్రం రెండు మందులూ ఎంత తక్కువ సాయం చేస్తున్నాయో చెప్పే ఫలితంగా కనిపిస్తుంది.

నేలవేముకే సంబంధించిన మరో అనుభవం చెప్పాలి. కోవిడ్ కాలంలో థాయ్‌లాండ్‌లో ఈ మొక్క సారాన్ని స్వల్ప లక్షణాలున్న రోగులకు విస్తారంగా ఇచ్చారు. ఒక చిన్న పరీక్షలో సారం తీసుకున్న 29 మందిలో ఎవరికీ న్యుమోనియా రాలేదు, తీసుకోని 28 మందిలో ముగ్గురికి వచ్చింది. తేడా నమ్మదగినదేనని మొదట ప్రకటించారు. తర్వాత గణాంకాల లెక్కలో తప్పు దొర్లిందని తేలి, 2021 ఆగస్టులో ఆ పత్రాన్ని రచయితలే వెనక్కి తీసుకున్నారు. తప్పు ఒప్పుకుని వెనక్కి తీసుకోవడం గౌరవించదగ్గ పని. కానీ అప్పటికే వార్త దేశాలు దాటిపోయింది. ముప్పై మంది చొప్పున రెండు గుంపులతో తేల్చే ప్రశ్న కాదు ఇది.

సహజమైనది కాబట్టి హాని చేయదన్న మాట కూడా నిలవదు. నేలవేము ఉన్న మాత్రలు వాడినవాళ్లలో కొందరికి తీవ్రమైన అలర్జీలు, ప్రాణం మీదికి తెచ్చే అనాఫిలాక్సిస్‌తో సహా, వచ్చాయని ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ 2015లో సమీక్ష జరిపి హెచ్చరించింది. చైనాలో ఆండ్రోగ్రాఫోలైడ్ నుంచి తయారుచేసే ఒక సూదిమందు వల్ల రోగులకు చలిజ్వరం, వణుకు వచ్చాయని 2017లో దాని కొన్ని బ్యాచ్‌లను వెనక్కి రప్పించారు. గర్భిణులు నేలవేము తీసుకోకూడదు. రక్తం పలచబడే మందులు, బీపీ మందులు వాడేవాళ్లు వైద్యుడికి చెప్పకుండా వాడకూడదు. మార్కెట్లో మరో చిక్కు ఉంది. హిమాలయాల్లో పెరిగే చిరాయతు పేరుతో నేలవేమును అమ్మడం మామూలే. పొట్లం మీద రాసింది, లోపల ఉన్నది ఒకటే కావని తెలిసినప్పుడు మోతాదు గురించి మాట్లాడి ప్రయోజనం లేదు.

చైనా వైద్యంలో అన్నిటికన్నా ఎక్కువ యోగాల్లో కలిపే అతిమధురానికీ ఇలాంటి చరిత్రే ఉంది. అందులోని గ్లిసిరైజిక్ ఆమ్లం హెర్పిస్ వైరస్‌ను నిర్వీర్యం చేస్తుందని ఇటలీ శాస్త్రజ్ఞులు 1979లోనే నేచర్ పత్రికలో ప్రకటించారు. ఇన్నేళ్లయినా పెదవి పొక్కులకు వైద్యులు మొదటగా రాసే మందు అది కాలేదు. పైగా అతిమధురం రోజూ ఎక్కువగా తింటే పొటాషియం తగ్గి రక్తపోటు పెరుగుతుంది.

ఎసైక్లోవిర్ ఎందుకు వేరో చెప్పకపోతే ఈ పోలిక అసంపూర్ణం. 1970లలో బరోస్ వెల్‌కమ్ సంస్థలో గెర్‌ట్రూడ్ ఎలియన్ బృందం రూపొందించిన మందు అది. ఎసైక్లోవిర్ మామూలు కణంలోకి వెళ్తే దాదాపు ఏమీ చేయదు. వైరస్ ఉన్న కణంలో మాత్రం, వైరస్ తయారుచేసుకున్న థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైమే దాన్ని మేల్కొలుపుతుంది. మేలుకున్న మందు వైరస్ డీఎన్ఏ పేటలో చేరి, అక్కడితో ఆ పేట పెరగకుండా ఆపేస్తుంది. వైరస్ పనిముట్టే వైరస్ మీద ఆయుధమైంది. ఈ పరిశోధనా మార్గానికే ఎలియన్‌కు, జార్జ్ హిచింగ్స్‌కు, మరో శాస్త్రజ్ఞుడు జేమ్స్ బ్లాక్‌తో కలిపి 1988లో నోబెల్ బహుమతి దక్కింది. ఇంత సొగసైన మందు కూడా పెదవి మీద క్రీముగా రాస్తే నయమయ్యే కాలాన్ని సుమారు అర రోజు మాత్రమే తగ్గిస్తుంది. చురుకు మొదలైన గంటల్లోనే మాత్రల రూపంలో తీసుకుంటే దాదాపు ఒక రోజు కలిసివస్తుంది. మందు ఎవరికి అవసరమో, ఎంత మోతాదో వైద్యుడు చెప్పాలి.

ఆలస్యం చేయకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, నీళ్లు కారుతుంటే వైరస్ కంటికి పాకి ఉండవచ్చు. దాన్ని పట్టించుకోకపోతే నల్లగుడ్డు మీద మచ్చ పడి చూపు పోతుంది. అలాంటప్పుడు ఏ ఆకు పసరూ కంట్లో పిండవద్దు. పొక్కు ఉన్నవాళ్లు నెల నిండని పసికందులను ముద్దాడకూడదు, బాలింత ఇంటికి చూడ్డానికి వెళ్లినా సరే. నవజాత శిశువుకు ఈ వైరస్ సోకితే మెదడుకు, కాలేయానికి పాకి ప్రాణం తీయగలదు. దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ లేపనాలు పొక్కు మీద రాస్తే ఎరుపు తగ్గినట్టు కనిపించి లోపల వైరస్ విజృంభిస్తుంది. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు, ఒంటి నిండా గజ్జి తామర ఉన్న పిల్లలు మొదటి పొక్కుకే వైద్యుణ్ని చూడాలి.

నేలవేమును పరీక్షించే పని ఎక్కడ జరగాలి? నంద్యాలలోనే జరగాలని నేను అడుగుతున్నాను. 2022 ఏప్రిల్ 4న జిల్లా అయిన ఈ ప్రాంతంలో ఇప్పుడు వైద్యకళాశాలలు ఉన్నాయి, ప్రభుత్వ వైద్యకళాశాల 2023లో మొదలైంది. 1906 నుంచి పనిచేస్తున్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. మొక్కను గుర్తించగల చెంచులు ఉన్నారు. అన్నిటికీ మించి, ఎండ వల్ల పెదవులు పేలే మనుషులు వేల సంఖ్యలో ఉన్నారు. వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఒకే రకం నేలవేమును ఒకే నేలలో పెంచి, ఏ నెలలో కోస్తే ఎంత ఆండ్రోగ్రాఫోలైడ్ ఉంటుందో కొలవగలరు. ఆ కొలిచిన సారంతో పెదవికి రాసే జెల్ తయారవ్వాలి. చురుకు మొదలైన రోజే రాసుకునేలా రోగులకు ముందుగానే ఇచ్చి పెట్టాలి. ఎవరికి అసలు జెల్ అందిందో, ఎవరికి ఉత్తుత్తిది అందిందో రోగికీ వైద్యుడికీ తెలియకూడదు.

ఇక్కడ నేలవేము ఒక ప్రత్యేకమైన చిక్కు తెచ్చిపెడుతుంది. పెదవికి రాసింది నాలుకకు తగలక మానదు. చేదు తగలగానే తనకు అసలు మందే దక్కిందని రోగికి తెలిసిపోతుంది. కాబట్టి ఉత్తుత్తి జెల్ కూడా అంతే చేదుగా ఉండాలి. డెనాటోనియం వంటి, వైరస్ మీద ప్రభావం లేదని ముందే తేల్చుకున్న చేదు పదార్థాన్ని కొలిచి కలపాలి. ఈ చిన్న సంగతి మరిచిపోతే ఎన్ని వందల మంది మీద చేసినా ఆ పరీక్ష చెల్లదు.

చైనా నుంచి మనం తెచ్చుకోవలసింది మూలిక పొట్లం కాదు, ఈ పరీక్షించే పట్టుదల. క్రీ.శ. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హొంగ్ గ్రంథంలో జ్వరానికి చెప్పిన చింగ్‌హావ్ మొక్కను తు యూయూ బృందం 1971లో మళ్లీ చేతిలోకి తీసుకుంది. కాచిన కషాయం పనిచేయకపోతే అక్కడితో ఆగకుండా, తక్కువ వేడి దగ్గర ఈథర్‌తో సారం తీసి, జంతువుల మీద, తర్వాత మనుషుల మీద పరీక్షించింది. మలేరియాకు ఆర్టెమిసినిన్ అలా దొరికింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది.

అలాంటి ప్రయత్నం నల్లమల మొక్క మీద జరిగితే, ఫలితం ఏదైనా, అందులో చెంచుల వాటా ముందే కాగితం మీద ఉండాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఆ హక్కును గుర్తించింది. కేరళలో కాణి గిరిజనుల జ్ఞానం ఆధారంగా జీవని అనే మందు తయారైనప్పుడు, వచ్చిన రాబడిలో వాళ్లకు వాటా ఇచ్చిన ఉదాహరణ మన పక్కనే ఉంది. అడవిలోని మొక్కలను వేళ్లతో పీకి అమ్మే పద్ధతి కాకుండా, రైతుల పొలాల్లో సాగు చేయించి కొనాలి.

నంద్యాల వైద్యకళాశాలల అధ్యాపకులకు, వ్యవసాయ పరిశోధనా స్థానం శాస్త్రజ్ఞులకు నా విన్నపం ఇదే. ఒక పరీక్ష రూపొందించండి, దాన్ని భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయండి, నేలవేము పనిచేసినా చేయకపోయినా ఫలితాన్ని తెలుగులో కూడా ప్రకటించండి. ఆ ఫలితం వచ్చేదాకా పాఠకులు నేలవేమును పెదవి పొక్కుకు మందుగా నమ్ముకోవద్దు. మూతి మీద చురుకు మొదలైతే ఎండ తగలకుండా చూసుకోండి, పొక్కును గిల్లకండి, చేతులు సబ్బుతో కడుక్కోండి, తరచూ వస్తుంటే ప్రభుత్వ ఆసుపత్రిలోని చర్మవైద్యుణ్ని కలవండి.